పోయినోళ్ళూ పుట్టినోళ్ళూ, మధ్యలో సుమయ్యా

మదనపల్లెలో సుమయ్యా వార్తలు చదవడం మొదలుపెట్టింది ఒక తగాదా వల్ల. పెళ్ళయి పుంగనూరు నుంచి వచ్చిన కొత్తలో వాళ్ళింటి టీవీలో వారం పాటు బొమ్మ రాలేదు. ఫోను చేసినప్పుడల్లా రేపు అన్నారు, ఎల్లుండి అన్నారు. చివరికి విసిగిపోయి బెంగళూరు రోడ్డులో టైర్ల షాపు మేడ మీదున్న కేబుల్ ఆఫీసుకు తానే వెళ్ళింది. ఎవరికి ఫోను చేసిందీ, ఎవరు ఏం చెప్పిందీ, ఏ స్తంభం దగ్గర వైరు తెగి వేలాడుతోందీ ఒక్క మాట తడబడకుండా చెప్పుకొచ్చింది. ఆఫీసు యజమాని మునిచంద్ర టీ గ్లాసు చేతిలో పట్టుకుని చివరిదాకా విన్నాడు.

"అమ్మా, నీ వైరు ఇప్పుడే కట్టిస్తా గానీ, మా ఛానల్లో వార్తలు సదువుతావా?" అన్నాడు.

ఆ గొంతు ఆమెకు ఊరికే రాలేదు. ఆమె తండ్రి ఘని పుంగనూరులో మైకు పట్టుకుని నలభై ఏళ్ళు వీధులు తిరిగినవాడు. మొదట రిక్షాలో, తర్వాత ఆటోలో. కొత్త సినిమా వచ్చినా, దూడ తప్పిపోయినా, కొళాయి నీళ్ళు రెండు రోజులు రావన్నా ఊరికి చెప్పేది ఆయనే. అన్నిటికన్నా ముఖ్యం చావు కబురు. హిందువుల ఇంటిదైనా, ముస్లిముల ఇంటిదైనా మైకు ఘని వచ్చి చెప్తేగాని ఆ మనిషి పోయినట్టు కాదు. పేరు దగ్గర ఆగేవాడు. తండ్రి పేరు, వీధి పేరు, ఎక్కడ పూడుస్తారో, ఎప్పుడు బయలుదేరుతారో ఒక్కొక్కటీ విడివిడిగా చెప్పి, మళ్ళీ పేరు దగ్గరికి వచ్చేవాడు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, సుమయ్యా ఆయన్ను పిలిచేది అబ్బా అని. కోపం వస్తే మాత్రం తెలుగులోకి దిగేవాడు. తిట్టడానికి తెలుగే వాటంగా ఉంటుందని ఆయన నమ్మకం.

గొంతు దెబ్బతిని ఆయన మైకు పక్కన పెట్టేసరికి సుమయ్యా ఛానల్లో స్థిరపడింది. భర్త షాహిద్‌కు బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉంది. పగలు ఆయన కాలిపోయిన మోటార్లతో తల పట్టుకునేవాడు, సాయంత్రం ఈమె కాలిపోయిన మొహంతో ఇంటికి వచ్చేది. చదివేది ఆమే, రాసుకునేది ఆమే, ఊళ్ళు తిరిగి ఫోనులో వీడియో తీసుకొచ్చేదీ ఆమే. ఆఫీసులో ఆమె కాక మిగిలింది నవీన్ ఒక్కడు. కంప్యూటరు ముందు కూర్చుని బొమ్మలు అతికించి, స్క్రీను అడుగున పాకే అక్షరాలు టైపు చేసేవాడు.

అలా పదహారేళ్ళు గడిచాయి. అన్నేళ్ళలో రెండువేల ఇరవైరెండు ఆమెను విసిగించినట్టు ఏ ఏడూ విసిగించలేదు.

ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైంది. శాంతిపురం నుంచి ఒకాయన రోజూ ఫోను చేసేవాడు. ఆయన కూతురు అక్కడ డాక్టరు చదువుతోంది. "అమ్మా, మా పాప ఏ రైల్లో ఉండాదో కొంచెం కనుక్కోండి" అనేవాడు. మదనపల్లె కేబుల్ ఆఫీసులో కూర్చుని ఉక్రెయిన్ రైళ్ళ సంగతి ఎలా తెలుస్తుందని ఆయనకు చెప్పలేక, కనుక్కుంటానని చెప్పి, నిజంగానే ఢిల్లీ నంబర్లకు ఫోన్లు చేసి విసిగిపోయేది. పాప క్షేమంగా వచ్చింది. వచ్చిన సంగతి మాత్రం ఆయన చెప్పలేదు. పది రోజులు భయపడి తానే ఫోను చేస్తే, "వచ్చేసింది గదమ్మా పోయిన వారమే" అన్నాడు.

ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టారు. మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది, దాని కేంద్రం రాయచోటి. పుంగనూరూ కుప్పమూ చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయాయి. మదనపల్లెను జిల్లా కేంద్రం ఎందుకు చేయలేదని ఊరంతా కోపంగా ఉంది. ఆ కోపమంతా వార్తలు చదివే మనిషి మీదికి వచ్చింది. కూరగాయలకు పోతే అక్కడా అదే మాట. "ఏమ్మా, మనల్ని రాయచోటికి ఇచ్చేసినారంట?" అంటారు, ఆమే సంతకం పెట్టి ఇచ్చినట్టు. తండ్రి ఫోను చేసి, "ఇప్పుడు నువ్వు వేరే జిల్లా పిల్లవి. నీ వార్తలు మాకు చెల్లవు" అన్నాడు. అది హాస్యమే. వారం పాటు రోజూ అదే హాస్యం చేశాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, సెప్టెంబరు ఒక ఎత్తు.

రామకుప్పం వైపు ఏనుగులు రాగి చేలో పడ్డాయని కబురు వస్తే ఆమె ముందురోజే కుప్పం వెళ్ళి, పిన్ని కూతురు మెహ్‌నాజ్ ఇంట్లో దిగింది. ఆ రాత్రే ఇంగ్లండు రాణి ఎలిజబెత్ చనిపోయింది. తెల్లవారి శుక్రవారం. సుమయ్యా ఆటో కోసం నిలబడి ఉండగా తండ్రి ఫోను చేశాడు.

"మొన్న నీ వార్తలు విన్నా. ఆ తొట్టంబేడు యాక్సిడెంటులో పోయినోళ్ళ పేర్లు యాల అట్ల పరుగెత్తించినావు? ఎవురన్నా తరుముతాండారా నిన్ను?"

"అబ్బా, పొద్దున్నే మొదలుపెట్టొద్దు. నేను ఏనుగుల దగ్గరికి పోతాండా."

"ఏనుగులకైతే నిదానంగా సదువుతావులే" అన్నాడాయన. ఆమె ఫోను కట్ చేసింది.

రామకుప్పం అవతల ఊళ్ళలో సిగ్నలు లేదు. తొక్కేసిన రాగి చేనూ, విరిగిన డ్రిప్ పైపులూ, నష్టం రాసుకోవడానికి ఎవరూ రాలేదని తిట్టే రైతులూ, అందరినీ వీడియో తీసుకుని మధ్యాహ్నానికి కుప్పం చేరింది. బస్టాండులో ఫోనుకు సిగ్నలు తగలగానే మిస్డ్ కాల్స్ వరదలా వచ్చి పడ్డాయి. ఏం జరిగిందో తెలియక నవీన్‌కు ఫోను చేసింది.

అతను ఎత్తగానే ఏడుపు గొంతుతో, "అక్కా, యాడుండావక్కా? పొద్దన్నుంచి చేస్తాండాను. మీ నాయన..." అన్నాడు.

"మా నాయనకేమైంది?"

"పోయినాడంట గదక్కా. పుంగనూరు నుంచి కబురొచ్చింది. స్క్రోలింగు కూడా వేసేసినాం."

అంతలో ఫోను ఆగిపోయింది. పొద్దున్నుంచి ఏనుగుల అడుగులు తీసి తీసి ఛార్జింగు అయిపోయింది. నంబర్లన్నీ ఫోనులోనే ఉన్నాయి. ఎవరి ఫోను అడిగి తీసుకున్నా ఎవరికి చేయాలో తెలియదు. మెహ్‌నాజ్ ఇంటికి వెనక్కు పోవాలా, కదులుతున్న బస్సెక్కాలా అని ఒక్క క్షణం ఆలోచించి బస్సెక్కేసింది.

కుప్పం నుంచి పుంగనూరుకు ఆ రోజు దారి తరగలేదు. వి.కోట దగ్గర టైరు గాలి చూసుకున్నారు. పలమనేరులో డ్రైవరు టీకి దిగాడు. సుమయ్యా కిటికీ పక్కన కూర్చుని ఏడవాలని చూసింది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. పొద్దున ఫోను కట్ చేసినందుకు తన మీద కోపం. ఆ మాటే చివరి మాటగా పెట్టుకుని వెళ్ళిపోయినందుకు ఆయన మీద అంతకన్నా కోపం. ఇంకొక్క గంట ఆగి తిట్టి ఉంటే ఏం పోయేది? పలమనేరులో ఎక్కిన ఒకాయన ఇంకెంత సేపని ఆమె కండక్టరును అడిగిన గొంతు విని వెనక్కు తిరిగాడు.

"నువ్వు ఛానల్లో వార్తలు సదివే అమ్మవి గదా? మీ నాయన పోయినాడంట గదమ్మా. టీవీలో సూసినా. మంచి మనిషి. మా అవ్వ పోయినప్పుడు ఆయనే సెప్పినాడు మైకులో."

ఇక సందేహం లేకుండా పోయింది. తన ఛానలే చెప్పింది. ఊరంతా చూసింది.

పుంగనూరులో బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు జనం కనబడ్డారు. చెప్పులు వాకిలి నిండా ఉన్నాయి. షాహిద్ ఎదురొచ్చి ఏదో చెప్పబోయాడు. ఆమె ఆగలేదు. వాళ్ళ అమ్మ మున్నీ పళ్ళెంలో టీ గ్లాసులు పెట్టుకుని వాకిట్లో తిరుగుతోంది. చావింట్లో టీలేమిటని సుమయ్యా అనుకునే లోపలే లోపలి నుంచి ఒక గొంతు వినబడింది. బొంగురు గొంతు. తెలుగులో తిడుతోంది.

"ఒక్క లైను. నలభై ఏండ్లు ఈ ఊర్లో పోయినోళ్ళందరికీ సందు సందునా సెప్పినోణ్ణి. నాకు ఒక్క లైనా? అది గూడా రాణెమ్మ కింద. వయసు ఎనభై రెండంట. ఎవురికిరా ఎనభై రెండు?"

ఘని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. శుక్రవారం నమాజుకు ఉతికిన జుబ్బా వేసుకుని, తలకు టోపీ పెట్టుకుని, ఆరోగ్యంగా, మొహం ఎర్రగా. సుమయ్యా గడప మీదే నిలబడిపోయింది. ఆ తర్వాత ఆమె అరిచిన అరుపుకు టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు కింద పెట్టారు.

"బతికుండావా? బతికుండి ఒక ఫోను చేయలేకపోయినావా అబ్బా?"

"నీ ఫోను పలకలేదు. అయినా సచ్చినోడు ఫోను చేస్తాడా? మీ టీవీలో నేను సచ్చినానని వేస్తాండారు, నేను ఫోను చేసి బతికుండానని చెప్తే ఎవురు నమ్ముతారు? మసీదులో నా పక్కన నిలబడినోడే నమ్మలేదు."

సంగతి ఏమిటంటే, ఆ పొద్దున నిజంగానే ఒక ఘని చనిపోయాడు. ఆయన బస్టాండు వెనక పెళ్ళిళ్ళకు లౌడ్‌స్పీకర్లు అద్దెకిచ్చే ఘని. ఊళ్ళో ఆయన్ను మైకుసెట్టు ఘని అంటారు. పుంగనూరు నుంచి కబురు పంపినవాడు 'మైకుసెట్టు' అని రాయడానికి బద్ధకించి 'మైకు ఘని పోయినాడు' అని రాశాడు. నవీన్ కంగారులో సుమయ్యా తండ్రి ఫోటో వెతికి పెట్టాడు. అక్కకు మంచి చేస్తున్నాననుకుని ఫోటో చుట్టూ పూలదండ కూడా గీశాడు.

అందరూ నవ్వడం మొదలుపెట్టారు. సుమయ్యాకు నవ్వు రాలేదు. కూర్చుని నీళ్ళు తాగింది. అప్పుడు వాకిట్లో ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. వచ్చినామె రేష్మ, మైకుసెట్టు ఘని కూతురు. కళ్ళు వాచి ఉన్నాయి.

"మామూ, మా ఇంటికి ఎవురూ రాలేదు. అందురూ ఈడికే వస్తాండారు" అంది ఘనితో. "పొద్దు గూకినాక మగ్రిబ్ నమాజు తర్వాత మా నాయన్ని తీసుకపోతారు. మోసేదానికి గూడా మనుషులు తక్కువుండారు. మీరేమో టీలు తాగుతాండారు."

నవ్వులు ఆగిపోయాయి. ఘని కుర్చీలోంచి లేచి, వాకిట్లో ఉన్నవాళ్ళలో ఆటో ఎవరికి ఉందని అడిగాడు. ఒకతను ముందుకొచ్చాడు.

"నీ గొంతు బాగాలేదు. డాక్టరు ఒద్దన్నాడు గదా" అంది మున్నీ.

"అదీ పోతే పోనీలే. ఈ పొద్దు నేను పోయినట్టే గదా" అన్నాడు.

మైకు తెచ్చింది రేష్మ వాళ్ళ షాపు నుంచే. సుమయ్యా ఆటోలో తండ్రి పక్కన కూర్చుంది. మూలమూలనా బండి ఆపించి ఆయన నిదానంగా చెప్పాడు. "అయ్యలారా, అమ్మలారా, పోయింది నేను కాదు. నేను బతికే ఉండాను. పోయిన మనిషి అబ్దుల్ ఘని. మైకుసెట్టు ఘని. బస్టాండు వెనక వీధి. మీ ఇండ్లల్లో పెండ్లిండ్లకు పాటలేసిన మనిషి. మగ్రిబ్ నమాజు తర్వాత బయలుదేరతారు. మా ఇంటికి వచ్చినోళ్ళందురూ ఆయనింటికి పోండి. మైకుసెట్టు అబ్దుల్ ఘని." నాలుగో వీధికి గొంతు పూర్తిగా పోయింది. మైకు కూతురి చేతికిచ్చాడు. ఛానల్లో పదహారేళ్ళు చదివిన సుమయ్యాకు వీధిలో చెప్పడం అదే మొదటిసారి. పేరు దగ్గర ఆగింది. పక్కన కూర్చున్న ఆయన చేత్తో ఇంకా ఆగమని సైగ చేస్తూనే ఉన్నాడు. ఆ పరిస్థితిలో కూడా.

ఆ సాయంత్రం మైకుసెట్టు ఘని వెంట వీధి పట్టనంత జనం నడిచారు.

తర్వాత నెలల్లో ఆ కథ ఊళ్ళు తిరిగింది. సుమయ్యా ఎక్కడికి పోయినా, "మీ నాయన బతికినాడంట గదా" అని అడిగేవాళ్ళే. నవంబరు పదిహేనున ప్రపంచ జనాభా ఎనిమిది వందల కోట్లకు చేరిందని వార్త వచ్చింది. ఆ రోజే నటుడు కృష్ణ పోయాడు. ఆయన అభిమానులు ఆఫీసు మెట్ల మీద కూర్చుని, రోజంతా ఆయన గురించే వేయాలని పట్టుబట్టారు. పైన మునిచంద్ర, ఎనిమిది వందల కోట్లవ బిడ్డ మదనపల్లెలోనే ఎందుకు పుట్టి ఉండకూడదని పట్టుబట్టాడు. ఆ మాట స్క్రోలింగులో వేయగానే మూడు కుటుంబాలు బిడ్డలను ఎత్తుకుని ఆఫీసుకొచ్చాయి. మూడో బిడ్డ పుట్టింది అంతకు ముందు రోజు. "ఒక్క రోజే గదమ్మా, సర్దుకోండి" అన్నారు వాళ్ళు.

డిసెంబరు రాగానే మునిచంద్ర అన్నాడు: "సుమయ్యమ్మా, ఈసారి ముప్పై ఒకటో తేదీన అరగంట ప్రోగ్రాం సెయ్యాల. ఈ ఏడు పోయినోళ్ళు, పుట్టినోళ్ళు, లోకంలో జరిగినవి. పెద్ద ఛానళ్ళు సేస్తాయి గదా, అట్ల."

"పోయినోళ్ళు దొరుకుతారు సార్. పుట్టినోళ్ళలో ఎవరు గొప్పోళ్ళవుతారో ఇప్పుడు ఎట్ల తెలుస్తుంది?"

"అది నాకెట్ల తెలుస్తుంది? నువ్వే సూడు. పోయినోళ్ళలో మాత్రం నలుగురికీ తెలిసినోళ్ళే ఉండాల. మన ఊరోళ్ళను వేసేది మొదలుపెడితే అరగంట సాలదు."

ఆ ప్రోగ్రాం సంగతి ఎలా పాకిందో, అడిగేవాళ్ళు మొదలయ్యారు. ఒకాయన వాళ్ళ మామ ఫోటో తెచ్చాడు. ఒకామె వాళ్ళ ఎద్దు ఫోటో తెచ్చింది. బండలాగుడు పోటీల్లో గెలిచిన ఎద్దు, వేసవిలో చచ్చిపోయిందట. ఘని పుంగనూరు నుంచి ఫోను చేసి, మైకుసెట్టు ఘనిని వేయాల్సిందేనని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. అందరికన్నా విసిగించింది తంబళ్లపల్లె దగ్గరి పల్లె నుంచి వచ్చిన రెడ్డెమ్మ. ఆమె భర్త చెంగయ్య ఆ ఊళ్ళ మీదుగా మదనపల్లెకు ప్రైవేటు బస్సు నడిపేవాడు. ఆగస్టులో పోయాడు.

"అమ్మా, నలుగురికీ తెలిసినోళ్ళనే వేస్తామని మా సార్ చెప్పినాడు" అని మొదటి రోజే చెప్పింది సుమయ్యా.

"ఆయప్పను తెలీనోళ్ళు ఎవురుండారు తల్లీ? ఆ పక్క కాలేజీ సదువు సదివిన ఆడపిల్లలందురూ ఆయప్ప బస్సులోనే వచ్చినారు. పిల్లోళ్ళు రాలేదంటే బస్సు తీసేవాడు కాదు. ఓనరు తిట్టినా తీసేవాడు కాదు."

"నిజమే అమ్మా. కానీ..."

"సరేలే. మళ్ళీ వస్తా" అనేది రెడ్డెమ్మ. మళ్ళీ వచ్చేది. ఎప్పుడూ అరవదు, ఏడవదు. బస్సు దిగి నేరుగా వచ్చి బెంచీ మీద కూర్చుని, కొంగులో వేయించిన శనక్కాయలు నవీన్‌కు ఇచ్చి, సుమయ్యా ఖాళీ అయ్యేదాకా కాచుకుని అదే మాట అడిగేది. అరిచేవాళ్ళను పంపేయడం సుమయ్యాకు చేతనవును. ఇలా కూర్చునే మనిషిని ఏం చేయాలో తెలియలేదు. ఇంటికొచ్చి షాహిద్ మీద అరిచేది.

ప్రోగ్రాం తయారు చేయడం ఇంకో నరకం. అంతా అతికించి, ఇక అయిపోయిందనుకున్న రోజున, ఇరవై మూడున, కైకాల సత్యనారాయణ పోయాడు. విప్పి మళ్ళీ అతికించారు. రెండు రోజులకే చలపతిరావు పోయాడు. మళ్ళీ విప్పారు. నవీన్ మౌస్ పక్కకు తోసి, "అక్కా, ముప్పై ఒకటి దాకా ఎవురూ పోకుండా ఉంటే బాగుండు" అన్నాడు. "నోరు మూసుకో" అంది సుమయ్యా. తానూ అదే అనుకుంటున్నందుకు మరింత కోపం వచ్చింది.

ఈ మధ్యలోనే ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. చివర్లో చెంగయ్యకు కొంచెం, మైకుసెట్టు ఘనికి కొంచెం జాగా పెట్టింది. ఎద్దుకు పెట్టలేదు. ఇరవై తొమ్మిదో తేదీ సాయంత్రం మునిచంద్ర చూసి ఏమీ అనలేదు. బహుశా సరిగ్గా చూడలేదు. ముప్పయ్యో తేదీ పొద్దున లేచేసరికి ఫుట్‌బాల్ ఆటగాడు పెలే పోయాడని తెలిసింది.

మునిచంద్ర గబగబా మెట్లెక్కి వచ్చాడు. "పెలేను వెయ్యాల. లోకమంతా వేస్తాంటే మనం వెయ్యకపోతే నవ్వుతారు. జాగా లేదంటే ఆ బస్సు డ్రైవర్ని తీసెయ్. ఆ సౌండు సెట్టాయన్ను గూడా. ఎవురు పెట్టమన్నారు వాళ్ళని?"

సుమయ్యా అప్పటికి ఏడాది మొత్తం విసిగి ఉంది. రైళ్ళ గురించి, జిల్లాల గురించి, బిడ్డల గురించి, బతికున్న తండ్రి గురించి. గొంతు మాత్రం పెంచలేదు.

"రాణెమ్మది తగ్గిస్తా సార్."

"ఏమిటి?"

"రాణెమ్మకు ఎక్కువ పెట్టినాం. గుర్రాలు, బండి, పూలు. ఆమెకు సగం తగ్గిస్తే పెలే పడతాడు. లండన్ నుంచి ఎవరూ ఫోను చేసి అడగరు. చెంగయ్యను తీసేస్తే తంబళ్లపల్లె నుంచి ఆయమ్మ రేపే వస్తుంది. ఆమెకు మీరు సమాధానం చెప్పండి. నేను చెప్పలేను. నా వల్ల కాదు."

మునిచంద్ర నవీన్ వైపు చూశాడు. నవీన్ శనక్కాయ పొట్టు చేత్తో దాచుకుని కంప్యూటరు వైపు తిరిగాడు. "ఏదో ఒకటి సెయ్యండి" అని మునిచంద్ర కిందికి పోయాడు. పుట్టినోళ్ళ దగ్గర ఏం పెట్టాలో చివరిదాకా తేలలేదు. నవంబరులో వచ్చిన ముగ్గురు బిడ్డలనూ వరసగా చూపించి, పేర్లు చదివి, ఇంకే మాటా చెప్పకుండా వదిలేశారు.

ముప్పై ఒకటిన ప్రోగ్రాం వచ్చింది. రాణి కనబడి వెళ్ళింది, పెలే వెళ్ళాడు, నటులు వెళ్ళారు. మైకుసెట్టు ఘని నవ్వుతూ ఒక పెళ్ళి పందిరి ముందు నిలబడి కనిపించాడు. చెంగయ్య దగ్గర సుమయ్యా గొంతు నిదానించింది. పేరు, ఊరు, ఎన్నేళ్ళు ఆ దారిలో బండి నడిపాడో చెప్పి, మళ్ళీ పేరు చెప్పింది. పుంగనూరులో ఘని టీవీ ముందు కూర్చుని విన్నాడు. ఫోను చేసి, "రాణెమ్మ పేరు పరుగెత్తించినావు" అన్నాడు. మిగతావాటి గురించి ఒక్క మాటా అనలేదు. తండ్రి సంగతి తెలిసిన సుమయ్యాకు ఆ మాత్రం చాలు.

మర్నాటి నుంచి ఫోన్లు మోగాయి. డ్రైవర్ని వేసి మా మామను ఎందుకు వేయలేదని ఒకాయన. మా తాత కండక్టరు, కండక్టర్లకు విలువ లేదా అని ఇంకొకాయన. ఎద్దు యజమానురాలు నేరుగా వచ్చి మునిచంద్రతో మాట్లాడింది. ఆయన పైకొచ్చి, వచ్చే ఏడు ఇలాంటి ప్రోగ్రాం చేస్తే ఆఫీసుకు తాళం వేసుకుని పోతానన్నాడు. సుమయ్యా తల మీద చున్నీ సర్దుకుని, "నేనూ అదే చెప్దామనుకుంటాండా సార్" అంది.

జనవరి మొదటి వారంలో ఒక సాయంత్రం రెడ్డెమ్మ వచ్చింది. ప్రోగ్రాం వచ్చిన రాత్రి వాళ్ళ ఊళ్ళో కరెంటు పోయిందట, చూడలేదట. ఇంకో గంటలో ఏడు గంటల వార్తలు. రాసుకోవాల్సినవి సగం మిగిలి ఉన్నాయి. సుమయ్యా పళ్ళు కొరుక్కుని నవీన్‌కు సైగ చేసింది. అతను కంప్యూటరులో వేశాడు. చెంగయ్య దగ్గరికి నేరుగా పోబోతే రెడ్డెమ్మ వారించింది.

"మొదట్నుంచీ ఎయ్యి నాయనా. నడిమద్దెన సూస్తే ఏం తెలుస్తాది?"

కూర్చుని చూస్తోంది. చెంగయ్య వచ్చినప్పుడు ముందుకు వంగింది. "ఈ బస్సు ఆయప్పది కాదు. ఆయప్పది పచ్చది" అంది. సుమయ్యా కళ్ళు మూసుకుంది. ఆ ఫోటో దొరకబుచ్చుకోవడానికే రెండు రోజులు పట్టింది. "అయినా బాగుండాది. మళ్ళా ఒకసారి ఎయ్యి."

నవీన్ మళ్ళీ మొదటి నుంచి వేశాడు. ఈసారి రాణి దగ్గర రెడ్డెమ్మ ఆపమంది.

"ఈయమ్మ ఎవురు?"

"ఇంగ్లండు రాణి" అంది సుమయ్యా గడియారం చూస్తూ. "వయసైపోయి పోయింది. తొంభై దాటింది."

"మొగుడుండాడా?"

"ముందు ఏడే పోయినాడు."

రెడ్డెమ్మ స్క్రీను మీద ఆగిపోయిన ఆ మొహాన్ని కాసేపు చూసింది. "బిడ్డలుండారా?"

"నలుగురు."

"పోయేటప్పుడు దగ్గరుండినారా?"

సుమయ్యా ఆ సెప్టెంబరు వార్త గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. ఆ రోజు తాను కుప్పంలో ఉంది, తర్వాత బస్సులో ఉంది. రాణి ఇంట్లో ఏం జరిగిందో సరిగ్గా చదవనే లేదు.

"తెలీదమ్మా" అంది. "కనుక్కోవాల."

"కనుక్కో తల్లీ" అంది రెడ్డెమ్మ, బెంచీ మీద సర్దుకుని కూర్చుంటూ. "బస్సుకు ఇంకా టైముండాది."

ఏడు కావస్తోంది. కింద మునిచంద్ర గొంతు వినిపిస్తోంది. సుమయ్యా నిట్టూర్చి, వార్తల కాగితాలు పక్కన పెట్టి, ఫోను తీసి వెతకడం మొదలుపెట్టింది.